రెండో తన్ను ఎవరిది?

ఎన్నో ఏళ్లుగా నన్నొక సందేహం వదలడం లేదు. ప్రాణభయంతో కాలెత్తి తన్నిన మనిషిని దేవుడు క్షమిస్తాడనే నా నమ్మకం. కానీ ఎదుటివాడు వంగిపోయాక, తప్పుకునే దారి దొరికాక, అదే కాలు మళ్లీ లేస్తే దాన్ని ఆయన ఎలా చూస్తాడు? కోర్టు సమన్లు అందజేసే ఉద్యోగం చేసినంతకాలం కొట్లాట కేసులు చాలా విన్నాను. జడ్జీలు సెక్షన్లు చెప్పి తీర్పులిచ్చేవారు. నా సందేహం మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు అప్పుడప్పుడు ఆయన్నే అడిగేవాణ్ని. ఆయనకు నాకంటే ముఖ్యమైన పనులుంటాయి కాబోలు, జవాబు వచ్చేది కాదు.

రిటైరయ్యాక ఒక లాయరమ్మ దగ్గర చేరాను. ఆమె చేపట్టిన కేసుల్లో వాకబు చేసి నిజం కనుక్కోవడం నా పని. ఆ ఉదయం ఆమె పంపితే పోలీస్ స్టేషనుకు వెళ్లాను. నా పాత సందేహం అక్కడ బెంచీ చివర, ఉత్తి కాళ్లతో కూర్చుని ఉంది.

ఆ అమ్మాయి కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో చూసి, చెవుల వెనక కాడలు వంచి ఇవ్వడం ఆమె పని. షాపు యజమాని తమ్ముణ్ని అందరూ చిన్న ఓనరు అంటారు. మొన్న సాయంత్రం అతను ఆ బిల్డింగు మెట్ల కింద శవమై దొరికాడు. తల వెనకభాగం మెట్టు అంచుకు తగిలి పగిలింది. ఒంటి మీద రెండు తన్నుల గుర్తులున్నాయి. ఒకటి మోకాలి కింద, ఒకటి ఛాతీ మీద. అదే బిల్డింగు పై అంతస్తులో ఆడవాళ్లకు ఆత్మరక్షణ నేర్పే కరాటే హాలుంది. ఈ అమ్మాయి అక్కడ కొన్నేళ్లుగా నేర్చుకుంటోంది. పోలీసులకు అంతకంటే ఏం కావాలి? మధ్యాహ్నం ఆమెను కోర్టుకు తీసుకెళ్లి హత్య కేసు పెడతామన్నారు. మోకాలి కింద తన్నింది ఆమేనని ఆమే ఒప్పుకుంది. ఛాతీ మీద తన్నింది కూడా ఆమే అయితే తను చేయగలిగింది ఏమీ లేదని లాయరమ్మ నాతో తేల్చి చెప్పింది.

మొదటినుంచీ చెప్పమన్నాను. క్లాసు ఇంకా అవలేదట. షాపు తాళాలు తన దగ్గర ఉండిపోయాయని గుర్తొచ్చి, మాస్టారికి చెప్పి ముందుగా బయలుదేరింది. మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు గది ముందు ల్యాండింగు మీద చిన్న ఓనరు నిలబడి ఉన్నాడు. అతని చూపులూ మాటలూ ఆమెకు కొత్త కాదు. ఆ రోజు మణికట్టు పట్టుకుని గోడకు నెట్టాడు.

"అప్పుడేం చేశావు?"

"నేల చూశాను అంకుల్."

"నేలెందుకు?"

"గోడలకి పుట్టీ పెడుతున్నారు. పొడంతా మెట్ల మీదే ఉంది. జారితే పని అయిపోయినట్టే. ఎడంచేత్తో రెయిలింగు గట్టిగా పట్టుకున్నా. వదలమని అరిచా. వదల్లేదు. షూ అంచుతో మోకాలి కింద ఎముక మీద తన్ని, కాలు వెంటనే లాక్కున్నా. లాక్కోకపోతే దొరకబుచ్చుకుంటారు. వాడు వంగాడు. పక్కనుంచి దూరి కిందికి పరిగెత్తా."

"ఛాతీ మీద ఎప్పుడు తన్నావు?"

ఆమె నావైపు విసుగ్గా చూసింది. ఆ ప్రశ్న అప్పటికే ఎంతమంది ఎన్నిసార్లు వేశారో.

"తన్నలేదు. మెట్ల మీద అంతెత్తు కాలెత్తితే ముందు పడేది నేను. దారి దొరికాక రెండోది లేదు. మాకు మొదటి రోజు నేర్పేదే అది."

తిరిగి చూశావా అంటే లేదంది. బస్సెక్కి ఇంటికి పోయి తలుపు గడియ పెట్టుకున్నాక గానీ ఊపిరి తీసుకోలేదట. నేను లేస్తుంటే, అమ్మకు ఏం చెప్పారని మెల్లగా అడిగింది. నిన్నటినుంచీ వాళ్లమ్మ స్టేషను మెట్ల మీదే కూర్చుని ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు నాకు బావమరిది. నా భార్యకు ఆఖరి తమ్ముడు. మా పెళ్లినాటికి నిక్కర్లలో తిరిగేవాడు. ఇప్పుడు నా ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. ఇంటికొస్తే మంచివాడే, స్టేషన్లో మాత్రం నా మొహం చూస్తే అతనికి ఒంట్లో బాగుండదు.

"ఏం బావా, మా అక్క నీకు ఇంటిపని చెప్పడం మానేసిందా?"

"నువ్వు అమాయకుల్ని పట్టుకురావడం మానెయ్. నేనూ ఇంటిపట్టునే ఉంటాను."

అతను నవ్వలేదు. తన లెక్క తను చెప్పాడు. అమ్మాయి ముందు మోకాలి కింద తన్నింది. అతను వంగాడు. అప్పుడు ఒక మెట్టు పైకెక్కి ఛాతీ మీద తన్ని కిందికి పడేసింది. అన్నాళ్లు నేర్చుకున్న పిల్లకు అదెంత పని? పైగా ఇద్దరికీ ముందునుంచీ పడదు. మెట్ల పైనున్నవాళ్లు తంతేనే మనిషి అలా వెల్లకిలా కిందికి పడతాడని డాక్టరు కూడా అన్నాడట.

ఆ ముక్క నిజమే. అందుకే నాకు అనుమానం వచ్చింది. పక్కనుంచి దూరి కిందికి పరిగెత్తిన అమ్మాయి, అతనికి పైనెలా ఉంటుంది? ఆమె మాట అబద్ధమైతే తప్ప. చనిపోయినవాడి బట్టలు చూపించమన్నాను. చూపించడం ఇష్టం లేకపోయినా, చూపించకపోతే అక్కతో చెబుతానని భయపడ్డాడో ఏమో, సంచి విప్పించాడు. అమ్మాయి దగ్గర తీసుకున్న షూ జత కూడా పక్కనే ఉంది.

ప్యాంటు మీద మోకాలి కింద తెల్లటి పుట్టీ మరక. షూ అడుగున ఉండే అడ్డగీతలు అందులో అచ్చుగుద్దినట్టున్నాయి. చొక్కా మీద, ఛాతీ నడిమధ్య, ఇంకో తెల్లమరక. అది గుండ్రంగా, చిన్నగా ఉంది. గీతల్లేవు.

"ఇది షూ కాదురా," అన్నాను. "ఉత్తి పాదం."

"అయితే షూ విప్పి తన్నింది."

"చీలమండ దాకా లేసులున్న షూ అది. ఒక చెయ్యి వాడి చేతిలో ఉంది. వంగి, లేసులు విప్పి, తన్ని, మళ్లీ కట్టుకుని పారిపోయిందా?"

అతను కాసేపు చొక్కా వంక చూసి, సంచి మూసేయమని కానిస్టేబులుకు సైగ చేశాడు. భయంలో మనుషులు ఏమైనా చేస్తారన్నాడు. భోజనాలయ్యాక వ్యాన్ బయల్దేరుతుంది, ఈలోగా కావాలంటే దణ్ణాలు పెట్టుకో అన్నాడు.

"నీ దేవుడొచ్చి సాక్ష్యం చెప్తాడేమో అడుగు బావా."

"ఆయన కోర్టుకు రాడు. అందుకే మనల్ని పెట్టాడు."

బల్ల మీద సంఘటన స్థలం ఫోటోలు పరిచి ఉన్నాయి. లేచేటప్పుడు ఒకదాని దగ్గర ఆగిపోయాను. ల్యాండింగు ఫోటో అది. మూలన, పై మెట్లు మొదలయ్యేచోట, గోడవారగా ఒక మగవాళ్ల చెప్పుల జత. పళ్ల డాక్టరు పేషెంటుదై ఉంటుందని బావమరిది తీసిపారేశాడు. డాక్టరు గది తలుపు మాత్రం ఫోటోలో అవతలి మూలన ఉంది.

*

బిల్డింగు దగ్గరికి వెళ్లేసరికి పుట్టీ పనివాళ్లు గోడలు గీకుతున్నారు. ల్యాండింగు ఇరుకు. ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాలి. చెయ్యి రెయిలింగు మీద వేసి నా కాలు మోకాలెత్తు లేపి చూశాను. పర్వాలేదు. నడుమెత్తు లేపబోతే రెండో కాలు పొడి మీద సర్రున జారింది. రెయిలింగు లేకపోతే లాయరమ్మకు ఇంకో కేసు తగిలేది. అమ్మాయి చెప్పింది నిజం. ఈ గచ్చు మీద, షూతో, అంతెత్తు తన్ని నిలబడడం ఆమెవల్ల అయ్యే పని కాదు. తన్నినవాడు నేలను కాలివేళ్లతో పట్టుకుని తన్నాడు.

నా చప్పుడుకు పళ్ల డాక్టరు అసిస్టెంటు తలుపు తీసి తొంగిచూసింది. పేషెంటునేమో అనుకుని లోపలికి రమ్మంది. సంగతి చెప్పాక ఆమె మొహం వాడిపోయింది. ఆమె కూడా పై హాల్లో నేర్చుకుంటోందట. చిన్న ఓనరు చనిపోయిన రోజు పళ్ల డాక్టరుకు వారానికోసారి వచ్చే సెలవు. సెలవు రోజుల్లో తీరిక కాబట్టి ఆమె క్లాసుకు వెళుతుంది, ఆ సాయంత్రం కూడా వెళ్లింది.

సెలవు రోజైతే పేషెంట్లు రారు. మరి చెప్పులు ఎవరివి?

అడగ్గానే ఆమె అరలోంచి తీసి చూపించింది. పాతబడిన తోలు చెప్పులు, మగవాళ్లవి. పోలీసులు వెళ్లిపోయాక మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి అక్కడే ఉన్నాయట. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని లోపల పెట్టింది. ఎవరూ రాలేదు.

"ఎటు తిరిగి ఉన్నాయమ్మా?"

"పైకి. పై మెట్లకేసి. పక్కపక్కన, నీటుగా."

ఇంట్లోకి వెళ్లేవాళ్లు చెప్పులు ఎలా విడుస్తారో నాకు తెలుసు. గుమ్మంకేసి, ఒకటి అటు ఒకటి ఇటు. మా ఇంట్లో మనవలైతే ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి వీధిలో విడుస్తారు. మళ్లీ ఎటు వెళ్లాలో ఆ దిక్కుకు తిప్పిపెట్టేవాళ్లు చాలా తక్కువ. ఈ చెప్పులవాడు పైనుంచి దిగాడు, ఇక్కడ విడిచాడు, తిరిగి పైకే వెళ్లాలనుకున్నాడు.

ఆ సాయంత్రం క్లాసులో ఏం జరిగిందో చెప్పమన్నాను. మామూలేనంది. ఆఖర్న అందరూ మోకాళ్లు మడిచి కూర్చుని కళ్లు మూసుకుంటారు. మాస్టారు ఫోనులో సముద్రపు హోరు పెడతారు. ఆయన చప్పట్లు కొట్టేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. ఆ రోజు ఎంతకీ చప్పట్లు పడలేదట.

"కాళ్లు తిమ్మిరెక్కి చచ్చాం అంకుల్. మాస్టారు నిద్రపోయారేమోనని నా పక్కనావిడ నవ్వింది కూడా."

"మీ మాస్టారు హాల్లోనే ఉన్నారని పోలీసులకు చెప్పారు కదా?"

"ఉన్నారు కదా. కళ్లు తెరిచేసరికి ఎదురుగానే..." అని ఆగిపోయింది. ఆమె కళ్లు నా చేతిలోని చెప్పుల మీద పడ్డాయి. వాటిని గుర్తుపట్టిందో లేదో నేను అడగలేదు. తన గురువు గురించి ఆ పిల్లచేత ఆ మాట అనిపించడం దేనికి? చెప్పుల్ని చేతిసంచిలో పెట్టుకుని పైకి నడిచాను.

*

హాల్లో మాస్టారు ఒక్కడే ఉన్నాడు. తడిగుడ్డతో చాపలు తుడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు. కాళ్లకు కొత్త బూట్లున్నాయి. లాయరమ్మ పంపిందనగానే కుర్చీ వేశాడు. అమ్మాయి ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. ఆ గొంతులో బాధ నిజమైనదే. అందుకే నాకు సంచి బరువెక్కినట్టనిపించింది.

నాకేమీ తెలియదు, నిజంగా వీధిలో ఎవరైనా మీద పడితే ఎలా తన్నాలో చెప్పమన్నాను. ఆయన ఆలోచించి మాట్లాడాడు. హాల్లో చాప ఉంటుంది, ఎదుటివాడు తెలిసినవాడు, కాళ్లకు అడ్డేమీ ఉండదు. వీధిలో ఇవేవీ ఉండవు. కాలు పైకి లేచినకొద్దీ మనిషి పడిపోవడానికి దగ్గరవుతాడు. అందుకని నడుము కిందే తన్నాలి, నిలబడిన కాలు కదలకూడదు, తన్నిన కాలు వెనక్కి రావాలి, దారి దొరికిన క్షణాన పరిగెత్తాలి. గెలవడం గురించి ఆలోచించేవాళ్లు దెబ్బలు తింటారన్నాడు.

అప్పుడే తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. మా బావమరిది. ఛాతీ మీద తన్నడం ఈ హాల్లో నేర్పుతారని మాస్టారి నోట చెప్పించుకుని సాక్ష్యంగా పెట్టుకోవడానికి వచ్చాడు. నన్ను చూసి పెదవి విరిచాడు.

"బావా, ఈ వయసులో బెల్టు కడతావా?"

అతనికి జవాబివ్వకుండా, ఆ తన్ను ఎలా ఉంటుందో ఒకసారి చూపిస్తారా అని మాస్టారిని అడిగాను. ఆయన చాప అంచుకు నడిచి బూట్లు విడిచాడు. విడిచి, వాటివైపు చూడకుండానే, కాలిబొటనవేలితో రెండింటినీ తిప్పి తలుపుకేసి పక్కపక్కన పెట్టాడు. చాప మీద నిలబడ్డాడు. మోకాలు లేచింది. వేళ్లు వెనక్కి వంగాయి, పాదం ముందుకు దూసుకొచ్చి గాలిలో ఛాతీ ఎత్తున తగిలి వెనక్కి వెళ్లింది. తగిలేది వేళ్ల కింద ఉన్న గుండ్రటి మెత్త ఒక్కటే. బావమరిది చూపు ఆ పాదం మీదే ఆగిపోయింది. చొక్కా మీది మరక అతనికి గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది.

"చెప్పులతో తన్నకూడదా మాస్టారూ?"

"వదులు చెప్పులు కదండీ, మెలిక పడితే మన కాలే విరుగుతుంది. విప్పాలి. విప్పే టైము లేకపోతే తన్నకూడదు."

అన్నాక ఆ మాట ఆయనకే వినబడినట్టుంది. నేను సంచిలోంచి తోలు చెప్పులు తీసి చాప పక్కన పెట్టాను. కొత్త బూట్ల లాగే, తలుపుకేసి.

కింద పనివాళ్లు గోడ గీకుతున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. బావమరిది చెయ్యి నడుముకున్న తుపాకీ వైపు వెళ్లింది. మాస్టారికీ మాకూ మధ్య రెండడుగుల దూరం కూడా లేదు. ఆయన తలచుకుంటే మా ఇద్దరినీ మెట్లదాకా చేరనిచ్చేవాడు కాదు. మనసులో దేవుణ్ని తలుచుకున్నాను గానీ కదల్లేదు. కదిలితే ఆయన భయపడతాడనిపించింది. భయపడ్డ మనిషి కాలు ఎటు లేస్తుందో ఎవరికి తెలుసు?

"చెయ్యి తియ్యరా," అన్నాను మెల్లగా.

అతను తీయలేదు గానీ కదల్లేదు కూడా. మాస్టారు వచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఏళ్ల తరబడి అరిగిన వేళ్ల గుంటల్లో వేళ్లు సరిగ్గా ఒదిగిపోయాయి.

"అరుపు నాకు వినబడింది," అన్నాడు. "వీళ్లంతా కళ్లు మూసుకుని ఉన్నారు, సముద్రం మోగుతోంది. నేను తలుపు దగ్గరున్నా. దిగేసరికి అమ్మాయి వెళ్లిపోయింది. వాడు మెట్టు అంచున మోకాలు పట్టుకుని తిడుతున్నాడు. నన్ను చూసి లేచి ఇటు తిరిగాడు. రేపు దాన్ని పనిలోంచి తీసేస్తా, ఆ తర్వాత నా ఇష్టం అన్నాడు."

"మీ మీదికి వచ్చాడా?" అని బావమరిది అడిగాడు. పోలీసు గొంతుతో అడగలేదు. అవునంటే బాగుండునన్నట్టు అడిగాడు.

"లేదు. నేను చెప్పులు విప్పాను కదా సార్. భయపడ్డవాడు చెప్పులు విప్పి తిప్పిపెడతాడా? ఆమె తన్ను భయంతో తన్నింది. నాది కోపం."

ఆయన చెప్పుల సంగతే మరిచి మళ్లీ పైకెక్కి చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరితో కలిసి కిందికి దిగి, శవాన్ని అందరితో పాటే చూశాడు. పోలీసులకు ఫోను చేసింది కూడా ఆయనే. ఇంతమంది మధ్య చెప్పులు తీసుకోలేకపోయాడు. ఇంతవరకూ ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

"ఆమె తన్నుకి చట్టంలో చోటుంది, వదిలేస్తారనుకున్నా. నాదానికి లేదు. రెండూ ఆమెకే కట్టేస్తారని అనుకోలేదండీ. నిన్నంతా స్టేషను దాకా వచ్చి వెనక్కి పోయాను. వాళ్లమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆవిణ్ని దాటుకుని లోపలికి వెళ్లలేకపోయా."

బావమరిది తుపాకీ మీదినుంచి చెయ్యి తీశాడు. బేడీలు వెయ్యలేదు. నడవండి మాస్టారూ అన్నాడు.

*

స్టేషను ఆవరణలో వ్యాను సిద్ధంగా ఉంది. అమ్మాయిని అప్పటికే అందులో ఎక్కించబోతున్నారు. బావమరిది అడ్డుపడి, ఆపమని చెప్పి లోపలికి పరిగెత్తాడు. ఫోనులో ఎవరికో సంగతి చెబుతూ తప్పు తనదేనని రెండుసార్లు అనడం కిటికీలోంచి విన్నాను. అమ్మాయి కాగితాలు అయ్యేలోగా వాళ్లమ్మ మెట్లు దిగి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి మళ్లీ వదల్లేదు.

మాస్టారిని లోపలికి తీసుకెళుతుంటే ఆయన ఆగాడు.

"ఒక్క నిమిషం. ఆమెకి నేనొక బాకీ ఉన్నా."

అమ్మాయి మొహం చూస్తే ఆ బాకీ ఏమిటో ఆమెకు తెలుసని అర్థమైంది. నాకు ఆయన చెబితే తెలిసింది. మూడేళ్ల కిందట పెద్దల ముందు ప్రదర్శన జరిగింది. మిగతావాళ్లంతా తలకంటే ఎత్తు తన్ని చప్పట్లు కొట్టించుకున్నారు. ఈమె కాలు నడుము దాటలేదు. జనం నవ్వారు. ఆట ముగిశాక శిష్యులు గురువుకు వంగి నమస్కరిస్తారు, గురువు అలాగే వంగి తిరిగి నమస్కరిస్తాడు. అది వాళ్ల పద్ధతి. ఆ రోజు ఈమె వంగింది. ఆయన సిగ్గుపడి మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఇద్దరూ రోజూ కలుసుకున్నా ఆ నమస్కారం మాత్రం అలాగే ఉండిపోయింది.

మాస్టారు చెప్పులు విప్పాడు. ఆవరణలోని వేడి గచ్చు మీద మడమలు కలిపి నిలబడి, చేతులు తొడలకు ఆనించి, నడుము దాకా వంగాడు. కానిస్టేబుళ్లు చూస్తున్నారు. వ్యాను డ్రైవరు చూస్తున్నాడు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన నా బావమరిది మాట్లాడడం మానేశాడు. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు.

అమ్మాయి తల్లి చెయ్యి వదలకుండా, ఉత్తి కాళ్లతో నిటారుగా నిలబడింది. కళ్లల్లోంచి నీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు. ఆమె తిరిగి వంగలేదు. వంగితే ఆయన మళ్లీ బాకీ పడతాడని ఆమెకు తెలుసు.